బావి గిలక నుంచి పడవ గిలక దాకా

ఇంతవరకు ఇక్కడ మేము రాసినవన్నీ మెట్ట సంగతులే. కోలారు పక్క మా ఊరి బావులు, రాగి చేలు, అవ్వ తిప్పే ముద్ద, మిద్దె మీద పట్టుపురుగుల చంద్రికలు. ఈసారి నీళ్ళ సంగతి. మా ఇంట్లో తెరచాప పడవ ఒకటి ఉందంటే చుట్టాలు నవ్వుతారు. "చెరువు ఎండిన ఊరోళ్ళకు పడవెందుకప్పా?" అంటారు. వాళ్ళడిగే దాంట్లో తప్పేమీ లేదు. మా వంశంలో ఎవరూ తెడ్డు పట్టినోళ్ళు కాదు. మాకు తెలిసిందల్లా తాడు, గిలక, కాడి, చక్రం. ఆ తెలివే ఈ పడవకు ఎట్లా పనికొచ్చిందో చెప్తాము.

పడవ చిన్నదే. 19 అడుగుల ఫైబరు పడవ, ముందు పక్క ఇద్దరు ముడుచుకొని పడుకోగలిగే గూడు, అడుగున ఎత్తి దించే పలక. 22 అడుగుల అల్యూమినియం కంబాన్ని పడుకోబెట్టి, పడవను రెండు చక్రాల ట్రైలర్ మీదికెక్కించి, జీపు వెనక తగిలించుకొని పోవచ్చు. గోవాలో ఒక పెద్దాయన వయసు మీద పడి అమ్ముతుంటే మా తమ్ముడు కొన్నాడు. మా చిన్నమ్మ ఉద్యోగం కుందాపురంలో కాబట్టి పడవ వాళ్ళ పెరట్లోనే ఉంటుంది. అక్కడ అయిదు నదులు కలిసి పంచగంగావళి అనే పేరుతో గంగొళ్ళి దగ్గర సముద్రంలో పడతాయి. లోపలంతా వెడల్పు నీళ్ళు, కొబ్బరి లంకలు. మాకు ఆ నీళ్ళే చాలు, అలలు దాటి సముద్రంలోకి పోము. మేము అంటే నాయన, అమ్మ, మేము ముగ్గురు తోబుట్టువులం, ఇంటి పిల్లకాయలు.

కిందటి ఫిబ్రవరిలో ఒక సాయంత్రం జరిగినదాని వల్లనే ఈ పనంతా మొదలైంది. ఆ తీరంలో ఎండకాలం మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి బాగా వస్తుంది, పొద్దు వాలేకొద్దీ పడిపోతుంది. ఆ రోజు గాలి ఆగింది, అదే వేళకు పోటు తిరిగి పాటు మొదలైంది. నీళ్ళన్నీ సముద్రం వైపు లాగుతున్నాయి. పడవలో ఉన్నది పాత రెండు హార్స్‌పవర్ ఇంజిన్, అదీ పొట్టి కాడది. మా అక్క చాప దించడానికి ముందుకు పోయేసరికి వెనక భాగం లేచి, ప్రొపెల్లర్ గాలిలో తిరిగి కీచుమంది. అర కిలోమీటరు రావడానికి గంట పట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ నాయన ఆ గంటా మాట్లాడలేదు. మర్నాడు కాఫీ తాగుతూ, "ఇంక నేను రాను. అట్లాంటప్పుడు మీరు పిల్లకాయలను చూసుకుంటారా, నన్ను చూసుకుంటారా?" అన్నారు.

ఆయన గుండెలో స్టెంట్ వేసి రెండేళ్ళయింది. బరువులెత్తొద్దు అని డాక్టరు చెప్పినారు. రిటైరయ్యాక ఆయన తనంతట తాను బయటికి కదిలేది ఈ పడవ కోసమే. కాబట్టి అప్పుడు మా ముందున్న ప్రశ్న పడవ గురించి కాదు, నాయన గురించి. అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది: "అమ్మితే అమ్మండి. లేదంటే మీ నాయన ధైర్యంగా కూర్చునే మాదిరి చేయండి. సగం సగం పనులు వద్దు."

మాలో ఒకరి ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. అందుకని ఏం కొనాలి అని కాకుండా, పని అయిన తర్వాత ఏమేమి జరగాలి అని ముందు రాసుకున్నాము. మూడే వాక్యాలు. ఒకటి: గాలి లేకుండా, పాటుకు ఎదురుగా, ఆరుగురితో ఇంటికి రావాలి. రెండు: నాయన, ఇంకొకరు కలిసి కంబం ఎత్తగలగాలి, ఎవరూ బరువు మోయకూడదు. మూడు: పిల్లల తలల మీద మనం నమ్మలేని తీగ ఒక్కటి కూడా ఉండకూడదు. ఇంకో కట్టుబాటు, ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే దేని వల్ల బాగుపడిందో, దేని వల్ల చెడిందో తెలియదు.

మొదట ఇంజిన్. గంగొళ్ళి మెకానిక్కు కొంకణి ఆయన, మాతో కన్నడం మాట్లాడతాడు. చేపల దోణీలకు పెట్టే కిరోసిన్ ఇంజిన్లు విప్పి బిగించడంలో చెయ్యి తిరిగినవాడు. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు పెద్ద పడవల వేట బందు. ఇంజిన్లన్నీ ఆయన షెడ్డుకే వస్తాయి కాబట్టి, జూలై సగమయ్యాక రమ్మన్నాడు. వానలో తడుస్తా పోతే మొదటి మాటగా "పది హార్స్‌పవర్ వేసేయండి" అన్నాడు. చేపల దోణికి అది సరి. మా పడవకు ఎందుకు కాదో కాగితం మీద లెక్కేసి చూపించినాము.

ఇట్లాంటి పడవ నీళ్ళను చీల్చుకొని పోతుందే కానీ, నీళ్ళ పైకి లేచి జారదు. పోయేటప్పుడు ముందర ఒక అల లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడుగవుతుంది. అల పొడుగు పడవ పొడుగంత అయినాక, పడవ తన అల గుంతలోనే ఇరుక్కుంటుంది. ఆ హద్దుకు ఒక లెక్క ఉంది. నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకొని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లు వస్తాయి. మాది 16 అడుగులు, వర్గమూలం 4, వేగం 5.36 నాట్లు. అంటే గంటకు 10 కిలోమీటర్లు కూడా కాదు. అంతకు మించి ఎంత ఇంజిన్ పెట్టినా పెట్రోలు కాలుతుంది, వెనక భాగం మునుగుతుంది, వేగం మాత్రం రాదు. మనకు కావలసింది ఎద్దు బలం, గుర్రం పరుగు కాదు. ఈ మాట నాయన అన్నారు. మెకానిక్కుకు కన్నడంలో చెప్తే నవ్వి "సాకు, ఐదు సాకు" అన్నాడు.

అట్లా 5 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్, పొడుగు కాడ ఇంజిన్ వచ్చింది. ఇందులో కాడ పొడుగే అసలు సంగతి. పొట్టి కాడ 15 అంగుళాలు, పొడుగు కాడ 20. ఆ అయిదు అంగుళాల వల్లనే, పడవ ముక్కు వంగినా ప్రొపెల్లర్ నీళ్ళల్లో ఉంటుంది. ప్రొపెల్లర్ కూడా రెక్కల వాలు తక్కువగా ఉండేది తీసుకున్నాము. ఒక్కో చుట్టుకు తక్కువ దూరం తోస్తుంది, కానీ బరువు పడవను గట్టిగా తోస్తుంది. ఏరు దున్నేటప్పుడు బండి పరుగెత్తే గేరు వేయము కదా, అదే.

తేడాను నోటితో కాకుండా ముల్లుతో చూసినాము. పడవను మోకుతో రేవు గుంజకు కట్టి, మధ్యలో స్ప్రింగు త్రాసు తగిలించి, ఇంజిన్‌ను నిండుగా తిప్పినాము. పాతదానికి ముల్లు 20 కేజీల దగ్గర ఆగింది. కొత్తదానికి 48 చూపించింది.

బ్యాటరీ మోటారు ఎందుకు పెట్టలేదు అని మీలో కొందరు అడుగుతారు. మేమూ ఆలోచించినాము. లీటరు పెట్రోలులో సుమారు 9 కిలోవాట్ అవర్ల శక్తి ఉంది. చిన్న ఇంజిన్ దాంట్లో చాలావరకు వేడిగా పోగొట్టేసినా, మిగిలింది కూడా ఎక్కువే. ఒక కిలోవాట్ అవర్ బ్యాటరీతో ఒక కిలోవాట్ మోటారును నిండుగా తిప్పితే గంట కూడా రాదు. పాటుకు ఎదురుగా రెండు గంటలు రావలసిన చోట అది చాలదు. కానీ మీ పడవ కదలని చెరువులోనో, డ్యాము వెనక నీళ్ళల్లోనో ఉంటే బ్యాటరీయే మేలు. శబ్దం లేదు, వాసన లేదు, ఇంజిన్ కడిగే పని లేదు.

పెట్రోలుకు ఒక జాగ్రత్త ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేదాంట్లో 20 శాతం ఎథనాల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఎక్కువ నాళ్ళు నిలవుంటే నీళ్ళు, ఎథనాల్ విడిపోయి అడుక్కు చేరతాయి. అందుకని ఇంటికొచ్చినాక కార్బురేటర్ గిన్నెలో మిగిలింది వడగట్టేస్తాము, వానాకాలానికి ట్యాంకి ఖాళీ చేస్తాము. ఉప్పునీళ్ళల్లో తిప్పిన ప్రతిసారీ బకెట్టు మంచినీళ్ళతో పది నిమిషాలు కడుగుతాము. తిరిగేటప్పుడు పక్కనించి సన్నధార నీళ్ళు వస్తున్నాయా లేదా అని చూసే పని చిన్న పాపది. ఆ ధార ఆగితే ఇంజిన్‌కు చల్లదనం లేదని అర్థం. ఇంజిన్ 27 కేజీలు. అది వెనక వేలాడేచోట లోపలి పక్క మెరైన్ ప్లైవుడ్ పలక వేసి బోల్టులు బిగించినాము. బ్యాటరీ, నీళ్ళ క్యాను ముందుకు జరిపి పడవను సమంగా నిలబెట్టినాము.

తర్వాత తీగలు. కంబాన్ని నిలబెట్టేవి ఆరు: ముందొకటి, వెనకొకటి, రెండు పక్కలా రెండేసి. ఒక్కోటి 3 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ తీగ, లోపల 19 పోగులు: నడుమ ఒకటి, దాని చుట్టూ ఆరు, వాటి చుట్టూ పన్నెండు. పోగు తెగిందా అని చూడటానికి సులభమైన పద్ధతి, తీగ వెంబడి దూదిని జరపడం. తెగిన పోగు ఉంటే దూది చిక్కుకుంటుంది. మాకు ఎక్కడా చిక్కలేదు. పైపైన చూస్తే అన్నీ మెరుస్తున్నాయి.

అయితే ఈ తీగలు మధ్యలో తెగేది తక్కువ, కొనల్లోనే చెడేది ఎక్కువ. స్టెయిన్‌లెస్ ఉక్కును కాపాడేది దాని మీద క్రోమియం ఏర్పరచే సన్నని పొర. ఆ పొర నిలవాలంటే గాలి తగలాలి. తీగ కొన దూరి బిగుసుకున్న గొట్టంలో ఉప్పునీళ్ళు నిలుస్తాయి, గాలి ఆడదు. అక్కడ లోపలినుంచి తినేస్తుంది. వాననీళ్ళు తీగ వెంట కిందికే జారతాయి కాబట్టి కింది కొనలే ముందు పోతాయి. అందుకని కింది గొట్టాలన్నిటికీ ఎర్ర రంగు స్ప్రే కొట్టి, ఆరినాక తుడిచి, తెల్ల పొడి స్ప్రే కొట్టినాము. చీలిక ఉంటే దాంట్లో దూరిన ఎరుపు తెలుపు మీదికి తేలుతుంది. అయిదు గొట్టాలు తెల్లగా ఉన్నాయి. ఎడమ పక్కన పై తీగ గొట్టం మీద మాత్రం వెంట్రుకంత ఎర్ర గీత నిలువుగా లేచింది. ఆ తీగ కిందనే పిల్లకాయలు కూర్చునేది. అందరమూ కాసేపు గమ్మున ఉండిపోయినాము.

ఆరూ మార్చాలని అప్పుడే తీర్మానమైంది. 4 మిల్లీమీటర్ల తీగ వేద్దామా అనే మాట వచ్చింది. 3 నుంచి 4కు పోతే లావు మూడోవంతే పెరిగినట్టు కనిపిస్తుంది, కానీ కోత వైశాల్యం 1.78 రెట్లవుతుంది, బలమూ ఇంచుమించు అంతే. వినడానికి బాగుంది. కానీ దానికి తగ్గట్టు సీలలు, బిగించే టర్న్‌బకిళ్ళు, పడవ ఒంటికి దిగిన పట్టీలు అన్నీ మారాలి, కంబం పైన బరువు కూడా పెరుగుతుంది. ఒక్క తీగను లావు చేసి పట్టీని అట్లే వదిలితే, తెగేది తీగ కాకుండా పట్టీ అవుతుంది. మోటకు మోకు ఎంత లావున్నా ఇరుసు పుచ్చిపోతే ఏం లాభం? కాబట్టి 316 రకం ఉక్కులో అదే 3 మిల్లీమీటర్లు కొత్తవి వేసి, మిగిలిన దుడ్డుతో పట్టీల బోల్టులు మార్చి, లోపలి పక్క వెడల్పు ఉక్కు బిళ్ళలు పెట్టినాము. బాగు చేయడమంటే ప్రతిసారీ పెద్దది వేయడమే కాదు.

ఇప్పుడు నాయన పని, కంబం ఎత్తడం. తీగలతో కలిపి అది 20 కేజీలు. పడుకొని ఉన్న కంబాన్ని ముందునుంచి తాడుతో లాగితే లేవదు. తాడు, కంబం ఇంచుమించు ఒకే గీతలో ఉంటాయి, లాగిన బలమంతా కంబం మొదట్లోని కీలును నొక్కడానికే పోతుంది. దానికి నాయన చెప్పిందే మందు: "ఏతం కట్టండి." కంబం మొదట్లో ఆరడుగుల గుంజను నిట్టనిలువుగా తగిలించి, దాని కొనను కంబం పైభాగానికి తాడుతో కట్టినాము. ఆ కొన నుంచి పడవ ముక్కుకు గిలకల తాడు. గుంజ ముందుకు వాలుతుంటే కంబం వెనకనుంచి లేస్తుంది. పక్కలకు ఒరగకుండా రెండు తాళ్ళు.

లెక్క కూడా చూసినాము. మొదట్లో గుంజ కొన దగ్గర లాగవలసింది సుమారు 48 కేజీలు. మా ఊరి బావి గిలక బరువును తగ్గించదు, లాగే దిక్కును మాత్రమే మారుస్తుంది. కడవ ఎంత బరువో అంతా లాగాలి. కానీ తాడు నాలుగు పాయలుగా తిరిగే గిలకల జత వేస్తే బరువు నాలుగో వంతు, అంటే 12. గిలకల రాపిడి కలిపి 15 అనుకోండి. నిండు బిందెను చేదినంత. అదీ కూర్చొనే లాగొచ్చు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవచ్చు, తాడు పళ్ళ మధ్య పట్టి నిలబెట్టే క్లీటు ఉంది. ఎత్తే ముందు ఇంకొక మాట తప్పదు: తలెత్తి చూడాలి. అల్యూమినియం కంబం కరెంటు తీగకు తగిలితే మనిషి మిగలడు. చిన్నమ్మవాళ్ళ వీధి మీదుగా తీగలు పోతాయి కాబట్టి, రేవులో గుర్తు పెట్టిన ఒక్క చోట తప్ప ఎక్కడా కంబం లేపము.

చాప ఎత్తే తాళ్ళు నైలానువి ఉండినాయి. నైలాను సాగుతుంది. లంగరుకు ఆ సాగుడు మంచిది, అల గుద్దును మింగుతుంది. చాపకు మంచిది కాదు, గాలి పెరగగానే చాప డొప్పగా అవుతుంది. వాటిని తక్కువ సాగే పాలియెస్టరుకు మార్చినాము. 6 మిల్లీమీటర్లది చాలు, కానీ నాయన చేతికి పట్టు దొరకాలని 8 వేసినాము. ఆ తాళ్ళను కంబం మొదట్లో గిలకల మీదుగా తిప్పి వెనక్కి తెచ్చినాము. ఇప్పుడు చాప ఎత్తడానికి, దించడానికి, గాలి ఎక్కువైతే కింద మడత వేసి చిన్నది చేయడానికి ఎవరూ ముందుకు పోనక్కరలేదు. ఎవరూ పోకపోతే వెనక భాగం లేవదు, ప్రొపెల్లర్ కూడా గాలిలోకి రాదు.

ఈ పని చేస్తుండగా మాటల సంగతి వచ్చింది. తాళ్ళకు, తీగలకు ఇంగ్లీషు పేర్లు పిల్లలకు వస్తాయి, నాయనకు రావు. నాయన తన మాటలు పెట్టుకున్నారు. చాపను పైకి లాగే తాడు చేంతాడు, ఎందుకంటే గిలక మీదుగా చేదుతాము. ముందు చాపను ఎడమకు, కుడికి లాగే రెండు తాళ్ళు పగ్గాలు. పడవను గుంజకు కట్టేది పలుపు. లావు తాడు మోకు. తీగ కొనను పట్టే పిన్ను సీల, అది జారకుండా దూర్చే సన్న పిన్ను కడసీల, బండి చక్రానికి ఉండే మాదిరి. చుక్కాని, లంగరు కన్నడంలోనూ తెలుగులోనూ ఒకటే కాబట్టి గొడవ లేదు. చాప గురించి ఒక సంగతి తెలిసి సంతోషమైంది. కుందాపురంలో చాపను హాయి అంటారు. తమిళంలో పాయ్. తమిళంలో పాయ్ అంటే పడుకునే చాప కూడా. మన తెరచాపలోనూ చాప ఉంది. అందరూ ఒకే వస్తువును చూసి పేరు పెట్టినట్టుంది.

తాళ్ళు వెనక్కి వచ్చినాక ఏది ఏదో తెలియడానికి ఒక్కోదాని కింద పేరు రాయాలి. నాయన చదివింది కన్నడ మీడియం, మేము చదివిందీ అదే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చేత్తో రాసేది కన్నడం. కాబట్టి పడవ మీద చేంతాడు, ఎడమ పగ్గం, కుడి పగ్గం అని తెలుగు మాటలే, కన్నడ అక్షరాల్లో ఉన్నాయి. రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు కాబట్టి, ఈ మధ్య తెలుగు అక్షరాలు నేర్చుకుంటున్న పాప కొన్నిటిని రెండు భాషల్లోనూ చదివేస్తుంది. తలకట్టు దగ్గర మాత్రం తాతతో పోట్లాడుతుంది.

సెప్టెంబరు ఆఖర్లో పడవ దించినాము. రాసుకున్న మూడు వాక్యాలనూ వరుసగా పరీక్ష చేసినాము. మొదట పిల్లలు లేకుండా, గాలి లేని పొద్దున, పాటు గట్టిగా ఉన్న వేళ పోయి వచ్చినాము. ఫిబ్రవరిలో గంట పట్టిన దూరం ఎనిమిది నిమిషాలు. ఇంజిన్ సగానికి మించి తిప్పలేదు. తర్వాత గాలిలో రెండు వైపులా వాల్చి తిప్పి, తీగలు సర్దుకున్నాక మళ్ళీ బిగించినాము. కొత్త తీగ మొదట కొంచెం సాగుతుంది. మూడోసారికి పిల్లలను ఎక్కించుకున్నాము.

నాయన అంతవరకు రేవులోనే కూర్చొని చూసినారు. రమ్మని ఎవరమూ బలవంతం చేయలేదు. నాలుగోసారి కంబం ఎత్తేటప్పుడు ఆయనే వచ్చి, గిలకల తాడు పట్టుకొని, బావి దగ్గర చేదినట్టు చేయి మీద చేయి వేసి లాగినారు. మధ్యలో రెండుసార్లు ఆగినారు. కంబం నిలబడినాక కడసీల దూర్చి, దాన్ని వేలితో ఒకసారి తట్టి చూసి, పడవ ఎక్కినారు. చుక్కాని పట్టుకొని, "ఎడమ పగ్గం వదల్రా" అన్నారు. పెద్దోడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా వదిలినాడు.

మా మాటలు బావినుంచి, బండినుంచి వచ్చినవి. పూరీలో, గోపాలపురంలో, యానాంలో నీళ్ళ మీదే బతికిన తెలుగు ఇళ్ళు ఉన్నాయి. మీ పడవల్లో ఈ తాళ్ళకు, గిలకలకు అసలైన పేర్లు ఉండే ఉంటాయి. మీ తాతలు, అవ్వలు చెప్పిన మాటలు రాసి పంపండి. కుడి పక్క చివరి క్లీటు కింద పేరు ఇంకా రాయలేదు.